కాలకముందే కాలిన బీడు

నాంపల్లి స్టేషనులో దిగి నవ్వుతూ బయటికి నడిచేవాడికి సర్కారు దఫ్తరులో పని లేదని ఒట్టేసి చెప్పవచ్చు. దేవకుమార్ ఆ స్టేషనులో నవ్వుతూ దిగి రెండేళ్లయింది. మాఘమాసం వచ్చిందంటే చాలు, వారానికోసారి వికారాబాదు వైపు నుంచి పొద్దుటి బండిలో రావడం, సంచీలోంచి అర్జీ తీసి ఒక బల్ల మీద పెట్టడం, ఆ బల్ల మనిషి ఇంకో బల్ల చూపించడం, సాయంత్రానికి అదే అర్జీ సంచీలో వేసుకుని తిరుగుబండి పట్టుకోవడం. మనిషి నలభై రెండేళ్లవాడు, మెదక్ మిషను బడిలో చదువుకున్నవాడు. ఆదివారం చర్చిలో మోకరించి, కోపం తగ్గించమని ప్రార్థించేవాడు. సోమవారం నాంపల్లి గేటు కనిపించగానే తగ్గిన కోపం వడ్డీతో సహా తిరిగొచ్చేది.

ఇంతకీ ఆయన అడిగింది ప్రమోషను కాదు, బదిలీ కాదు. ఎర్రగుట్ట బీడుకు నిప్పు పెట్టడానికి అనుమతి.

బీడును కాపాడమని జీతమిచ్చి పెట్టుకున్న రేంజరు బీడుకు నిప్పు పెడతాననడమేమిటి, కంచే చేను మేస్తానన్నట్టు లేదూ అని మీరు అంటారు. అందరూ అన్నారు. కొంచెం ఓపిక పట్టండి. దేవకుమార్‌కు ఎలాగూ లేదు, మనకైనా ఉండాలి.

ఎర్రగుట్ట బీడు ఒకప్పుడు మోకాలెత్తు గడ్డి మైదానం. కృష్ణజింకలు మందలు మందలుగా మేసేవి. ఆ ఊరివాళ్లు వాటిని ఇర్రులంటారు. రెండు మూడేళ్లకోసారి, చలి పోకముందే, మంచు కురిసిన పొద్దున ఊరివాళ్లు బీడును ముక్కలు ముక్కలుగా కాల్చేవారు. ఒక ముక్క కాలిస్తే పక్క ముక్క వదిలేసేవారు, కుందేళ్లూ కౌజుపిట్టలూ అందులో తలదాచుకునేవి. పాతగడ్డితో పాటు అప్పుడే లేస్తున్న కంప కూడా కాలి, తొలకరికి లేతగడ్డి వచ్చేది. తరవాత సర్కారు వచ్చి చుట్టూ రాళ్లు పాతి, నిప్పు పెట్టడం నేరమంది. పదిహేనేళ్లలో లంటానా కంపా సర్కారు తుమ్మా మనిషి దూరలేనంత అల్లుకున్నాయి. గడ్డి చచ్చింది. ఇర్రులు చేల మీద పడి తుపాకీ దెబ్బలు తిన్నాయి. కంప కింద ఎండుటాకు మోకాటిలోతు పేరుకుంది. పదిహేనేళ్లుగా కాలనిదంతా ఒక్కరోజున కాలడానికి అక్కడ కాచుకుని కూచుంది.

నిరుడు ఆ రోజు వచ్చింది. మాఘంలో దేవకుమార్ అనుమతి అడిగాడు, రాలేదు. వైశాఖంలో ఎవడో బీడీ పారేశాడు, పడమటి సగం ఎవరి అనుమతీ అడక్కుండా అంటుకుంది. వాచరు బాలకిష్టయ్య బీడు నడుమ బండ్లబాట మీద నిలబడి తంగేడు మండలతో కొట్టి కొట్టి మంట తూర్పుకు దాటకుండా ఆపాడు. తూర్పు సగాన్ని ఆనుకునే ముప్పై గడ్డి గుడిసెలున్నాయి, అందులో ఒకటి ఆయనదే. గుడిసెలు దక్కాయి. బాలకిష్టయ్య మూడోనాడు దవాఖానలో పోయాడు.

తూర్పు సగం ఎనభై ఎకరాలు అలాగే ఉంది, కంపతో సహా. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. అది వెళ్లేలోగా ఆ ఎనభై ఎకరాలూ తన చేత్తో కాల్చాలి. లేదంటే ఎండల్లో అదే కాలుతుంది, ఈసారి గుడిసెలతో కలిపి. ఇది దేవకుమార్‌కు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. ఈ సంగతి నాంపల్లిలో ఒక్కడికి తెలిసేలా చెప్పడం మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అయింది.

నాంపల్లిలో ఆయన తిరిగే చోటును బీళ్ల దఫ్తరు అంటారు. పచ్చికబీళ్లు, చిట్టడవులు చూసే చిన్న ఆఫీసు. నిజాం కాలపు బల్లలు, అంతకన్నా పాత దుమ్ము. దాని పెద్ద విద్యాసాగర్ హిమాయత్‌నగర్ నుంచి రోజూ రిక్షాలో వస్తాడు. ఆయన గది గోడమీద, మంటల మధ్య చెట్టు ఏడుస్తున్న పోస్టరు ఉంటుంది. దాన్ని గీయించి వెయ్యి కాపీలు అచ్చేయించింది ఆయనే.

"చూడు దేవకుమార్, ముప్పై ఏండ్ల సంది నిప్పు ఆర్పుడే నా నౌకరి. నువ్వొచ్చి పెడుతనంటవు," అన్నాడు ఆ సోమవారం, పోస్టరు వైపు చెయ్యి చూపిస్తూ.

"సార్, మంచు పొద్దుల పెట్టిన నిప్పు పెంపుడు కుక్క లెక్క చెప్పినట్టు వింటది. చుట్టూ పదడుగులు గడ్డి చెక్కి మట్టి తేలుస్తం. ఎదురుగాలికి పెడుతం, మెల్లగ పాక్కుంట పోతది. ఎండల వచ్చే నిప్పు ఎవ్వని మాట వినది. నిరుడు చూసిన్రు గద, మనిషి పోయిండు."

"అందుకే అంటున్న, నిప్పు మంచిది కాదని."

దేవకుమార్ పళ్లు బిగించి, పోస్టరులోని చెట్టు వైపు చూశాడు. ఏడవాల్సింది ఆ చెట్టు కాదనిపించింది.

"సరె, కాయిదం మీద పెట్టు. చూద్దాం," అన్నాడు విద్యాసాగర్, కళ్లజోడు తుడుచుకుంటూ.

కాగితం మీద పెట్టి రెండేళ్లయింది కదా! అదే బయటికొచ్చి హెడ్‌గుమాస్తా ప్రహ్లాద్‌తో అన్నాడు. ప్రహ్లాద్ పాత నగరం మనిషి. ఇస్త్రీ చెదరని షేర్వాణీ, బుగ్గన పాను, ఎవరినీ నొప్పించని మాట. పనిచేయని ఆఫీసుల్లో ఇలాంటి మర్యాదస్తుడు ఒకడు ఉండకపోతే ఎప్పుడో తన్నుకుని చచ్చేవాళ్లు.

"చేతికిస్తే అది మాట సాబ్. టపాల వస్తేనే కాయిదం. మీరు రెండేండ్ల సంది చేతికిస్తున్నరు, దానికి నంబరెట్ల పడుతది?"

"గీ ముచ్చట రెండేండ్ల సంది ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలే గద సాబ్," అన్నాడు ప్రహ్లాద్, ఎంతో బాధగా.

దేవకుమార్ అర్జీ పట్టుకుని ఎండలో ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు నడిచాడు. రిజిస్టరు టపా కిటికీ దగ్గర లైనులో నిలబడ్డాడు. కిటికీలోని మనిషి కవరు మీద చిరునామా చదివి తలెత్తి, "నాంపల్లికా? నడుసుకుంట పొయ్యి ఇచ్చేది గద!" అన్నాడు. అప్పుడు దేవకుమార్ ఏమన్నాడో రాయడం మర్యాద కాదు. బయటికొచ్చి ఇరానీ హోటలులో చాయ్ తెప్పించుకుని, చల్లారిపోయేదాకా దాన్ని చూస్తూ కూచున్నాడు. శివరాత్రికి ఇంకా మూడున్నర వారాలుంది.

అర్జీ నాంపల్లి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. జవాబు రావడానికి ఇంకో పద్నాలుగు. సర్కారు లెక్కలో ఇది మెరుపు వేగం. ఎర్రగుట్టలో తన ఆఫీసు బల్ల దగ్గర దేవకుమార్ కవరు చించాడు. లోపల ఇలా ఉంది:

"ఎర్రగుట్ట బీడు తూర్పు భాగమున ఎనభై ఎకరములు దగ్ధమైన విషయము మీరు సకాలములో తెలుపలేదు. కారణము వారము రోజులలో తెలుపవలెను. సంబంధిత వాచరు బాలకిష్టయ్యను సాక్షిగా హాజరుపరచవలెను."

దేవకుమార్ కాగితం మీంచి తలెత్తి కిటికీలోంచి చూశాడు. ఎనభై ఎకరాలూ ఎదురుగా నిలబడి ఉన్నాయి. ఒక్క రెమ్మ కాలలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. ఆ పెద్దలు బీళ్ల దఫ్తరు చూడలేదు.

గుమ్మంలో గడ్డిమోపు దించుతున్న పూలమ్మ, "అనుమతి వచ్చిందా సారూ?" అని అడిగింది. బాలకిష్టయ్య భార్య. ఆ ఊళ్లో బీడు కాల్చడం ఎరిగినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. గాలి ఎటు తిరుగుతుందో చెంగు ఎత్తి చెప్పగలదు. దేవకుమార్ ఆమెకు అబద్ధం చెప్పలేక కాగితం చదివి వినిపించాడు. మొగుడి పేరు వచ్చినచోట ఆమె చేతిలోని కొడవలి కింద పెట్టింది.

"ఆయనను ఏడికెళ్లి తెస్తరు సారూ? పదున్రి, నేనొస్త."

సోమవారం ఇద్దరూ నాంపల్లిలో దిగారు. శివరాత్రి శుక్రవారం. దేవకుమార్ కాగితాన్ని ప్రహ్లాద్ బల్ల మీద విసిరినంత పని చేశాడు.

"ఏంది ప్రహ్లాద్ సాబ్ ఇది? కాలుస్తనని రాస్తే కాలిందని రాసిన్రు. చచ్చినోన్ని తెమ్మన్నరు. ఈమె ఆయన పెండ్లాం. చెప్పున్రి ఈమెకు, ఎట్ల తేవాల్నో."

ప్రహ్లాద్ పాను నమలడం ఆపాడు. లేచి నిలబడి పూలమ్మకు తన కుర్చీ చూపించాడు. ఆమె కూచోలేదు. ఆయన లోపలికి పోయి ఎర్రగుడ్డలో కట్టిన కాగితాల మూట, దఫ్తరు భాషలో బస్తా, ఒకటి తెచ్చి ముడి విప్పాడు.

జరిగిందిదీ. రెండేళ్ల కింద ఒక మంట కబురు టపా గదిలో నెల రోజులు పడుకుందట. పైనుంచి చీవాట్లు పడ్డాయి. అప్పట్నుంచి, కాగితం మీద నిప్పు అన్న మాట ఉంటే చాలు, దాన్ని వచ్చిననాడే ఎర్ర బస్తాలో వేసి మంటల రిజిస్టరులో ఎక్కించాలని కట్టడి పెట్టారు. టపా గదిలోని నళిని కొత్తగా చేరిన పిల్ల, ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తుంది. దేవకుమార్ అర్జీ అందిన గంటలో ఎక్కించింది. ఆ దఫ్తరు పుట్టిన తరవాత అంత తొందరగా జరిగిన పని ఇదొక్కటే. రిజిస్టరులో ఎక్కడ కాలింది, ఎంత కాలింది, ఎప్పుడు కాలింది, ఎవరు పెట్టారు అని ఖానాలున్నాయి. కాలబోయేదానికి ఖానా లేదు.

"కొట్టెయ్యున్రి మరి," అన్నాడు దేవకుమార్.

"నంబరు పడ్డంక కొట్టెయ్యాల్నంటె పైనుంచి హుకుం రావాలె సాబ్. హుకుం రావాల్నంటె, నిప్పు అంటుకోలేదని విచారణ చెయ్యాలె. దానికి మూడు నెలలు."

"మూడు నెలలకు నిజంగనే అంటుకుంటది!"

"అప్పుడు విచారణ అక్కర ఉండదు."

"నా అనుమతి సంగతి?"

"పెద్దసారు మొన్ననే రాసిన్రు. కాలిన బీడుకు అనుమతి ఎందుకని."

కోపం ఎక్కువైతే కేకలు వస్తాయనుకుంటాం, దేవకుమార్‌కు కన్నీళ్లొచ్చాయి. కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి. ఈ బల్లల మధ్య రెండేళ్లు తిరిగాడు. ఒక్కనాడు గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాలకిష్టయ్య బతికేవాడేమో అనే ఆలోచన ఏడాదిగా ఆయనను తినేస్తోంది.

ప్రహ్లాద్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సాబ్, నేను చెప్పిన్నని అనకున్రి. కాయిదంల కాలిపోయిన జాగ బయట కాలితే అడిగేటోడెవడు? ఒక్క ఖానా ఖాళీగుంది. గది నింపితె ఫైలు బంద్." వేలితో చూపించాడు. నిప్పు పెట్టినవాని పేరు.

"తెల్వదని రాయున్రి."

"నిరుడు మీరు గదే రాసిన్రు. రెండోసారి తెల్వదంటె పోలీసోళ్లు వస్తరు. గుడిసెలల్ల ఎవ్వన్నో ఒకన్ని పట్టుకపోతరు."

పూలమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. "నా పేరు రాయున్రి. నాకేముంది, ఒక్క పాణం. ఇంక మంచు నాలుగు రోజులు కూడ ఉండది సారూ." అంటూనే సిరాగుడ్డ మీద బొటనవేలు అద్దింది. నల్లటి వేలు పైకెత్తి, ఎక్కడ వెయ్యాలో చూపించమన్నట్టు నిలబడింది.

దేవకుమార్ ఆ వేలు చూశాడు. మొగుడు పోయిననాడు దవాఖానలో కూడా ఇదే వేలు కాగితం మీద వేయించారు. ఎవరి తప్పుకు ఎవరు వేలు అద్దాలి? ఆయన ప్రహ్లాద్ చేతిలోంచి కలం లాక్కుని, ఖాళీ ఖానాలో పెద్ద అక్షరాలతో రాశాడు. కె. దేవకుమార్, రేంజరు. కింద దస్కతు కూడా చేశాడు.

"యా అల్లా!" అన్నాడు ప్రహ్లాద్. హిందువే అయినా పాత నగరం మనిషికి గాభరాలో అదే వస్తుంది. "సాబ్, నౌకరి..."

"పెట్టబోయేది నేనే గద. మీ రిజిస్టరుల ఒక్కటన్న నిజముండనీ."

మంగళవారం చుట్టూ గడ్డి చెక్కించారు. బుధవారం పొద్దున మంచు బాగా కురిసింది. పూలమ్మ చెంగు ఎత్తి గాలి చూసింది. మంట గాలికి ఎదురు నడిచేలా, గుడిసెల అంచు నుంచే మొదలుపెట్టింది. ఇరవై మంది తంగేడు మండలు పట్టుకుని వెంట నడిచారు. మంట మోకాలు దాటి లేవలేదు. ఒక చాలు కాలి, మట్టిగీత దాకా వచ్చి, బుద్ధిగా ఆగి, ఆరిపోయింది. నలభై ఎకరాలు కాల్చి, మిగతా నలభై పాత పద్ధతిలో ముక్కలు ముక్కలుగా వచ్చే మాఘానికి వదిలారు. పదిగంటలకల్లా గుడిసెల చుట్టూ నల్లటి నేల, దాని మీద సన్నటి పొగ మాత్రం మిగిలాయి. ఎవరి ఒంటి మీదా నిప్పురవ్వ పడలేదు. ఇంత చిన్న పనికి ఒక మనిషి చచ్చిపోయాడని దేవకుమార్ బండ్లబాట మీద కూచుని ఏడ్చాడు. పూలమ్మ పక్కనే నిలబడింది, ఊరుకోమనలేదు.

ఏప్రిల్‌లో శిక్ష వచ్చింది. నిప్పు పెట్టే అలవాటున్న ఈ అధికారిని బీళ్లకు దూరంగా ఉంచాలని రాశారు. నాంపల్లి దఫ్తరులోనే, రికార్డు గదిలో, బస్తాలు చూసే పనికి వేశారు. ఆయన భార్య బెత్సీ గన్‌ఫౌండ్రీ దగ్గర కిరాయి ఇంట్లో సామాను దింపించుకుంటూ, "ఏమండీ, పట్నంలో ఇల్లు కావాలని పదిహేనేండ్లు అడిగిన. నిప్పు పెడితె వస్తదని తెలిస్తె నేనే అగ్గిపెట్టె కొనిచ్చేదాన్ని," అంది. నవ్వించాలని అంది. ఆయన నవ్వలేదు.

వైశాఖం గడిచింది. ఎర్రగుట్టలో గుడిసెలు నిలిచాయి. వానలు పడ్డాయి. కాల్చిన నలభై ఎకరాల్లో మోకాలెత్తు గడ్డి లేచింది, ఇరవైమూడు ఇర్రులు తిరిగొచ్చాయి. విద్యాసాగర్ జీపులో పోయి చూసి, మురిసిపోయి వచ్చి, సంవత్సరపు నివేదిక రాయించాడు. దస్తూరి బాగుంటుందని దాన్ని శుద్ధప్రతి తీసే పని దేవకుమార్‌కే ఇచ్చారు. మిషను బడి దస్తూరి మరి.

మూడో పేజీలో ఇలా ఉంది: "ఎర్రగుట్ట బీడున నిప్పు పెట్టిన అధికారిపై కఠిన చర్య తీసుకొనుట వలనను, నిప్పును పూర్తిగా నివారించుట వలనను, గడ్డియు జింకలును తిరిగి వచ్చినవి."

దేవకుమార్ ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాడు. కలం పాళీ విరిగింది. ఇంకో పాళీ వేసుకుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా శుద్ధప్రతి తీశాడు. నివేదికకు పైనుంచి మెప్పు వచ్చింది.

మళ్లీ మాఘం వచ్చింది. ఒక సోమవారం పొద్దున రికార్డు గది గుమ్మంలో పూలమ్మ నిలబడి ఉంది. మొదటిసారి ఒంటరిగా రైలెక్కి వచ్చింది. దారి అడుగుతూ అడుగుతూ వచ్చేసరికి కాళ్లకు దుమ్ము, మొహాన చెమట.

"సారూ, నిరుడు ఇడిసిన నలభై ఎకరాల కంప మల్ల గుడిసెల మీదికి వస్తున్నది. కొత్త రేంజరు సారు దగ్గరికి పోతే, కాయిదం ఉందా అన్నడు. ఏం జెయ్యాలె?"

అనుమతి అడగమని చెప్పవచ్చు. టపాలో పంపమని చెప్పవచ్చు. ఆబిడ్స్ పోస్టాఫీసు దారి చూపించవచ్చు. రెండేళ్ల తన తిరుగుడంతా ఈమె కాళ్లకు కట్టడమే అవుతుంది. అంతలో వైశాఖం వస్తుంది.

"మంచు ఇంకెన్నాళ్లుంటది?" అని అడిగాడు దేవకుమార్.

"వారం. అంతకన్న ఉండది."

ఆయన లేచి అలమారాలోంచి ఎర్ర బస్తా తీశాడు. ఇప్పుడు దాని కాపలాదారు ఆయనే. రిజిస్టరు విప్పి, దుమ్ము ఊది, కొత్త నంబరు వేశాడు. ఎర్రగుట్ట బీడు. తూర్పు భాగము. నలభై ఎకరములు. నష్టము ఏమియు లేదు. తారీఖు కూడా వేసి, చివరి ఖానాలో తన పేరు రాశాడు, నిరుటికన్నా స్థిమితంగా.

ఏదో కాగితం కోసం వచ్చిన ప్రహ్లాద్, భుజం మీంచి చూసి నిలబడిపోయాడు. "సాబ్, ఆ రోజు మీరు గీడనే ఉంటరు గద. హాజరు పుస్తకంల దస్కతు కూడ ఉంటది. గీడుండి గాడ ఎట్ల పెడుతరు?"

"గీడ రాసింది ఎవరన్న చదువుతరా ప్రహ్లాద్ సాబ్?"

ముప్పై ఏళ్ల నౌకరీలో ఎవరూ చదవగా చూడలేదు కాబోలు, ప్రహ్లాద్ మొహరు తెచ్చి ఆ పేరు పక్కన తనే గట్టిగా గుద్దాడు.

"ఏం రాసిన్రు సారూ?" అంది పూలమ్మ.

"బీడు కాలిపోయిందని."

"ఎప్పుడు?"

"వచ్చే బేస్తవారం."

ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. "అయితె రేపే పొయ్యి గడ్డి చెక్కిస్త." కొంగు దోపుకుని రెండడుగులు వేసి ఆగింది. "కాల్చేది నేనే గద సారూ. నా పేరు రాయకపోతిరి."

"నిన్ను రాస్తె పట్టుకపోతరు పూలమ్మా," అన్నాడు దేవకుమార్, బస్తా ముడి బిగిస్తూ. "నన్ను ఇంకేడికి పంపుతరు?"